దక్షిణ అమెరికాను పడమర నుంచి చదవాలి: సహజ ప్రాంతాలు, వాటి వెనకున్న కారణాలు

అడిగినవి మూడు. దక్షిణ అమెరికా సహజ ప్రాంతాలు ఒక పుస్తకంలో మూడని, ఇంకోదాంట్లో ఐదని, మరోదాంట్లో ఎనిమిదని ఉన్నాయి, ఏది సరైనది? పటం గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పక్కనే మహాసముద్రం ఉన్నా అటకామా ఎందుకు ఎండిపోయింది?

మొదటిదానికి జవాబు చిన్నది. మూడు లెక్కలూ సరైనవే. పడమట ఆండీస్ ముడుత పర్వతాలు, తూర్పున పాతరాతి ఉన్నత భూములు, ఆ రెంటి నడుమ పల్లపు మైదానాలు అంటే మూడు. పసిఫిక్ తీరపు సన్నని పట్టీని, దక్షిణాన పటగోనియా పీఠభూమిని విడిగా లెక్కిస్తే ఐదు. మైదానాలన్నిటినీ ఒకటిగా చూడకుండా ఉత్తరం నుంచి దక్షిణానికి లానోస్, అమెజాన్, గ్రాన్ చాకో, పంపాలు అని నాలుగు చేస్తే ఎనిమిది. పరీక్షకు ఏ లెక్క అడిగితే ఆ లెక్క రాయండి. అర్థం కావడానికి మాత్రం ఎనిమిదే పట్టుకోండి, ఎందుకంటే కారణాలు ఆ స్థాయిలోనే విడివిడిగా కనిపిస్తాయి.

ఎనిమిది పేర్లూ కంఠతా పట్టాల్సిన పని లేదు. ఏ చోటుకైనా మూడు ప్రశ్నలు వేయండి: అక్కడి రాయి ఎంత పాతది? ఎత్తెంత? గాలి ఏ వైపు నుంచి వస్తోంది, దారిలో ఆండీస్ అడ్డం ఉందా? ఈ మూడో ప్రశ్న అసలైన తాళంచెవి. ఈ ఖండంలో వానా ఎడారీ, ఒండ్రూ అడవీ చాలావరకు ఆండీస్‌కు ఏ పక్కన ఉన్నాయన్నదాన్నిబట్టే తేలతాయి.

ముందు పటం. ఎ4 కాగితం నిలువుగా పెట్టుకుని ఒక డిగ్రీకి 4 మిల్లీమీటర్ల చొప్పున గళ్లు గీయండి. ఎడమ అంచు 82 డిగ్రీల పశ్చిమ రేఖాంశం, కుడి అంచు 34 డిగ్రీలు. వెడల్పు 192 మిల్లీమీటర్లు. పై గీత 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం, కింది గీత 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం. ఎత్తు 276 మిల్లీమీటర్లు. భూమధ్యరేఖ పై గీతకు 52 మిల్లీమీటర్ల కింద పడుతుంది, మకరరేఖ దానికి మరో 94 మిల్లీమీటర్ల కింద. ఇప్పుడు ఈ బిందువులు పెట్టండి: ఉత్తరాన గువాహిరా ద్వీపకల్పం (12.5 ఉ, 71.7 ప), పడమటి కొస పారిన్యాస్ (4.7 ద, 81.3 ప), తీరం మడత తిరిగే ఆరికా (18.5 ద, 70.3 ప), కేప్ హార్న్ (56 ద, 67.3 ప), లా ప్లాటా ముఖం (35 ద, 56 ప), తూర్పు కొస బ్రెజిల్ తీరంలోని సెయిషాస్ (7.2 ద, 34.8 ప), అమెజాన్ ముఖం (0, 50 ప). వీటిని కలిపితే ఖండం ఆకారం వచ్చేస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఆరికా నుంచి దక్షిణానికి తీరాన్ని వాలుగా లాగేస్తుంటారు. నిజానికి 18 నుంచి 40 డిగ్రీల దక్షిణం వరకు ఆ తీరం దాదాపు నిట్టనిలువు. 70, 74 డిగ్రీల రేఖాంశాల మధ్యే ఉంటుంది. రెండోది, ఈ గళ్లలో దక్షిణ భాగం అసలుకంటే లావుగా కనిపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 111 కిలోమీటర్లయితే 50 డిగ్రీల దక్షిణాన అది 71 కిలోమీటర్లే. అంటే మీ పటంలో పటగోనియా వెడల్పు ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. గీతలు సరిచేయాల్సిన పని లేదు, దూరాలు కొలిచేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఆండీస్. పొడవు 7,000 కిలోమీటర్లకు పైనే. పసిఫిక్ అడుగునున్న నాజ్కా ఫలకం (భూమి పైపొరలో కదిలే పెద్ద రాతి పలకల్లో ఒకటి) ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఖండం కిందికి దూరుతుండడమే దీని పుట్టుక. ఆ దూరే చోట సముద్రంలో పెరూ–చిలీ కందకం ఉంది, లోతు 8,000 మీటర్లు. ఉత్తర చిలీ తీరానికి ఎదురుగా ఉన్న ఆ కందకం నుంచి 6,739 మీటర్ల యుయైయాకో శిఖరానికి అడ్డంగా సుమారు 300 కిలోమీటర్లే. అంత తక్కువ దూరంలో 14 కిలోమీటర్లు మించిన ఎత్తుపల్లాలు భూమ్మీద చాలా అరుదు.

ఆండీస్‌ను ఒకే గోడలా గీయడం అన్నిటికంటే మామూలు తప్పు. కొలంబియాలో అవి మూడు వరసలు. పడమటి, నడిమి వరసల మధ్య కౌకా నది, నడిమి, తూర్పు వరసల మధ్య మాగ్దలేనా నది పారతాయి. ఈక్వెడార్‌లో రెండు వరసలై మధ్యలో ఎత్తయిన లోయ మిగులుతుంది. ఉత్తర పెరూలో గొలుసు ఒక్కసారిగా కుంగి, పోర్కుయా కనుమ దగ్గర 2,145 మీటర్లకు దిగుతుంది. కొండమీది మొక్కలకూ జీవులకూ ఇది సహజమైన తెగుదల. బొలీవియా దగ్గర గొలుసు విడిపోయి 700 కిలోమీటర్ల వరకు వెడల్పవుతుంది. మధ్య చిలీ నుంచి దక్షిణానికి మళ్లీ సన్నబడి ఒకే ప్రధాన వరసగా సాగుతుంది.

అగ్నిపర్వతాలు కూడా గొలుసు పొడవునా లేవు. ఇది చాలామంది పుస్తకాల్లో దాటేసే విషయం, కానీ ఎంతో చెబుతుంది. దూరే ఫలకం ఏటవాలుగా దిగి దాదాపు 100 కిలోమీటర్ల లోతుకు చేరితే దానిలోని నీరు విడుదలై, పైనున్న వేడి రాతిని కరిగిస్తుంది. ఆ కరిగిందే లావాగా పైకొస్తుంది. ఉత్తర, మధ్య పెరూ కిందా, మధ్య చిలీకి ఉత్తరాన 27–33 డిగ్రీల మధ్యా ఆ ఫలకం దాదాపు చదునుగా జారుతోంది. మధ్యలో వేడి రాతికి చోటే లేదు, కాబట్టి అక్కడ చురుకైన అగ్నిపర్వతాలు లేవు. ఖండంలోకెల్లా ఎత్తయిన అకొంకాగువా (6,961 మీటర్లు) సరిగ్గా ఈ రెండో ఖాళీలోనే ఉంది. దాని రాళ్లలో పాతకాలపు లావా ఉన్నమాట నిజమే, కానీ ఆ శిఖరం పైకి లేచింది నొక్కుడు వల్ల. దాన్ని అగ్నిపర్వతం అని రాస్తే మార్కు పోతుంది. చురుకైన అగ్నిపర్వతాల్లో ఎత్తయినది ఓహోస్ దెల్ సలాదో, 6,893 మీటర్లు. ఖాళీ ఉందంటే భూకంపాలు కూడా లేవనుకోకండి. అవి గొలుసు పొడవునా వస్తాయి. కొలతలకు అందినవాటిలో అతిపెద్దది 9.5 తీవ్రతతో 1960లో దక్షిణ చిలీలోని వాల్దివియా ప్రాంతంలో వచ్చింది.

ఎత్తును బట్టి ఉష్ణోగ్రత వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందుకే భూమధ్యరేఖ దగ్గర కూడా ఒకే వాలుమీద కింద కోకో, అరటి, వెయ్యి నుంచి రెండు వేల మీటర్ల మధ్య కాఫీ, ఆపైన బంగాళాదుంప, ఇంకా పైన గడ్డినేలలు, చివరికి మంచు వరసగా ఉంటాయి. ఆ గడ్డినేలలు ఉత్తరాన తడిగా ఉంటే పారమో, పెరూ నుంచి దక్షిణాన పొడిగా ఉంటే పూనా. మంచురేఖ (ఏడాది పొడవునా మంచు నిలిచే ఎత్తు) మాత్రం ధ్రువం వైపు వెళ్లేకొద్దీ క్రమంగా దిగుతుందనుకుంటే దెబ్బతింటారు. భూమధ్యరేఖ దగ్గర అది 5,000 మీటర్ల అటూఇటూ ఉంటుంది, 24 డిగ్రీల దక్షిణానికి వచ్చేసరికి ఇంకా పైకి పోతుంది. యుయైయాకో అంత ఎత్తున్నా దానిమీద హిమానీనదాలు లేవు, ఎందుకంటే కురవడానికి తేమే లేదు. అదే 50 డిగ్రీల దక్షిణాన హిమానీనదాలు సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తులోని సరస్సుల్లోకి విరిగిపడతాయి. చలి ఒక్కటే చాలదు, మంచుకు తేమ కూడా కావాలి.

బొలీవియా దగ్గర విడిపోయిన రెండు వరసల మధ్య ఉన్నదే ఆల్టిప్లానో, సగటున 3,700 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. దీని నీళ్లు ఏ సముద్రానికీ పోవు. ఉత్తరాన 3,812 మీటర్ల ఎత్తులో తీతికాకా సరస్సు. దానిలో మిగిలిన నీరు దెసగ్వాదేరో నది ద్వారా దక్షిణానికి పారి, లోతు లేని పోపో సరస్సు దగ్గర ఆవిరైపోతుంది. ఇంకా దక్షిణాన 10,000 చదరపు కిలోమీటర్లు మించిన ఉయూనీ ఉప్పు మైదానం. మంచినీరు, ఉప్పునీరు, వట్టి ఉప్పు అనే ఈ వరసే ఉత్తరం నుంచి దక్షిణానికి వాన ఎలా తగ్గుతోందో చూపిస్తుంది. తీతికాకాను ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన సరస్సు అనకండి. పెద్ద ఓడలు తిరిగే సరస్సుల్లో అది ఎత్తయినది, అంతే.

అటకామా సంగతికొద్దాం. "ఆండీస్ వానను ఆపేస్తుంది కాబట్టి ఎడారి" అన్న జవాబు సగమే. తూర్పు నుంచి, అంటే అట్లాంటిక్, అమెజాన్ వైపు నుంచి వచ్చే తేమను ఆండీస్ ఆపుతుంది, నిజమే. మరి పడమటనున్న పసిఫిక్ మాటేమిటి? ఆ పక్కన రెండు కారణాలు కలిసి పనిచేస్తున్నాయి. ఆగ్నేయ పసిఫిక్ మీద స్థిరమైన అధిక పీడన మండలం ఉంది. అక్కడ గాలి పైనుంచి కిందికి దిగుతూ వేడెక్కుతుంది. కింద హంబోల్ట్ శీతల ప్రవాహం, లోతుల్లోంచి ఉబికే చల్లటి నీరు కలిసి సముద్రాన్ని ఆనుకున్న గాలిని చల్లబరుస్తాయి. కింద చల్లని బరువైన గాలి, పైన వెచ్చని గాలి ఉంటే మూత పెట్టినట్టవుతుంది. కింది తేమ పైకి లేవలేదు, వానమేఘం కట్టలేదు. అందుకే తీరమంతా పొగమంచు, వాన మాత్రం సున్నా. ఆరికాలో సగటు వర్షపాతం ఏటా ఒక మిల్లీమీటరు కూడా లేదు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తువరకు తీరపు కొండల్ని తాకే ఆ పొగమంచే కొన్ని వాలుల మీద పచ్చదనాన్ని బతికిస్తోంది. సన్నని వలలు కట్టి దాన్నుంచి తాగునీరు పట్టిన ఊళ్లు చిలీలో ఉన్నాయి. ఆ కొండలు దాటి లోపలికి వెళ్తే పొగమంచు కూడా అందదు. అసలైన ఎండు భాగం అదే.

ఈ వివరణ నిజమో కాదో పరీక్షించడానికి అదే తీరం వెంట ఉత్తరానికి వెళ్లండి. 5 డిగ్రీల దక్షిణం దగ్గర శీతల ప్రవాహం తీరాన్ని వదిలి పడమరకు తిరుగుతుంది. కొలంబియాలోని చోకో ప్రాంతం, 5–6 డిగ్రీల ఉత్తరాన, అదే పసిఫిక్ పక్కన, అదే ఆండీస్ నీడలో ఉంది. అక్కడి కీబ్దో పట్టణంలో ఏటా కురిసేది 7,000 మిల్లీమీటర్లకు పైనే. అక్కడ సముద్రం వెచ్చన, గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. ఇంకో పరీక్ష ఎల్ నీన్యో, అంటే కొన్నేళ్లకోసారి ఆ సముద్రం మామూలుకంటే వేడెక్కడం. 1982–83లోనూ 1997–98లోనూ ఉత్తర పెరూ తీరంలో సముద్రం వేడెక్కగానే ఎడారిలో వరదలొచ్చాయి. రెండోసారి సెచూరా ఎడారిలో ఏకంగా సరస్సే కట్టింది. కొండలు ఎక్కడికీ పోలేదు, మారింది సముద్రపు వేడి మాత్రమే.

ఎండు నేలల్ని పటంలో రంగుతో నింపితే ఒక విశేషం బయటపడుతుంది. పెరూ తీరంలో మొదలైన ఎండు పట్టీ అటకామా మీదుగా ఆండీస్‌ను ఏటవాలుగా దాటి, పడమటి అర్జెంటీనా మీదుగా పటగోనియా అట్లాంటిక్ తీరానికి చేరుతుంది. ఉత్తరాన గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ఎండు ముఖం పడమటిది. 35–40 డిగ్రీలు దాటాక పశ్చిమ పవనాలు రాజ్యమేలుతాయి కాబట్టి ఎండు ముఖం తూర్పుది. ఆ రెంటినీ కలిపే గీతే ఈ ఏటవాలు పట్టీ. ఖండాన్ని ఒక్క గీతలో చెప్పమంటే గీయాల్సింది ఇదే.

అమెజాన్ దగ్గర మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తుంటారు: పరీవాహక ప్రాంతం, మైదానం, అడవి. పరీవాహక ప్రాంతం దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ఆండీస్ మంచు శిఖరాలూ ఉన్నాయి, బ్రెజిల్ ఉన్నత భూముల గడ్డినేలలూ ఉన్నాయి. మైదానం దానిలో ఒక భాగం. వాలు ఎంత తక్కువంటే, సముద్రానికి నదివెంట 3,600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇకీతోస్ రేవు ఎత్తు 100 మీటర్ల పైచిలుకు మాత్రమే. నది సముద్రంలో వదిలే నీరు సెకనుకు సగటున 2 లక్షల ఘనపు మీటర్లకు మించి ఉంటుంది. ప్రపంచ నదులన్నీ సముద్రాలకు చేర్చే నీటిలో ఇది సుమారు ఐదో వంతు.

నీటి రంగు చూస్తే నది ఎక్కడ పుట్టిందో చెప్పొచ్చు. ఆండీస్‌లో పుట్టినవి ఒండ్రుతో పాలు కలిపిన టీ రంగులో ఉంటాయి. గయానా వైపు ఇసుక నేలల్లోంచి వచ్చే రియో నేగ్రో కుళ్లిన ఆకుల ఆమ్లాలతో నల్లగా, ఒండ్రు దాదాపు లేకుండా ఉంటుంది. బ్రెజిల్ పాతరాతి మీదుగా వచ్చే తపజోస్, షింగూ తేటగా ఉంటాయి. మనౌస్ దగ్గర నలుపు, గోధుమ రంగు నీళ్లు కలవకుండా కొన్ని కిలోమీటర్లు పక్కపక్కన పారడానికి కారణం వాటి వేగం, ఉష్ణోగ్రత, సాంద్రత వేరుగా ఉండడమే. ఈ తేడా వ్యవసాయానికి కూడా ముఖ్యం: ఆండీస్ ఒండ్రు పడే వరద నేలలు సారవంతం, నల్లనీటి వరద నేలలు నిస్సారం. వరద అందని మెరక భూమే అడవిలో అత్యధిక భాగం. దాని పోషకాలు చాలావరకు చెట్లలోనూ రాలిన ఆకుల్లోనూ ఉంటాయి. నరికి కాలిస్తే రెండు మూడు పంటలకు బూడిద సారం సరిపోతుంది, ఆపైన వాన దాన్ని కడిగేస్తుంది. అంత పచ్చటి అడవి కింద అంత పేద నేల ఉండడానికి కారణం ఇది.

తూర్పు ఉన్నత భూములు రెండు ముక్కలు, నడుమ అమెజాన్. ఉత్తరాన గయానా ఉన్నత భూమి: వంద కోట్ల ఏళ్లకు పైబడిన స్ఫటిక శిలల మీద పేరుకున్న పాత ఇసుకరాయి కోసుకుపోగా మిగిలిన బల్లపరుపు కొండలు, తెపూయిలు. రోరైమా 2,810 మీటర్లు. ఔయాన్ తెపూయి అంచు నుంచి దూకే ఏంజెల్ జలపాతం మొత్తం 979 మీటర్లు, అందులో ఒకే ఊపున పడేది 807. దక్షిణాన బ్రెజిల్ ఉన్నత భూములు. సముద్రం మీంచి చూస్తే సెర్రా దో మార్ పెద్ద పర్వత శ్రేణిలా కనిపిస్తుంది, కానీ అది పీఠభూమి అంచు మాత్రమే. అంచు దాటితే నేల లోపలికి వాలుతుంది. తియెతే నది దీనికి మంచి రుజువు. అట్లాంటిక్‌కు పాతిక కిలోమీటర్ల లోపే పుట్టి, సముద్రానికి వీపు తిప్పి, వెయ్యి కిలోమీటర్లకు పైగా లోపలికి పారి పరానాలో కలుస్తుంది. పరానా పరీవాహకంలో 13 కోట్ల ఏళ్లనాటి లావా పొరలున్నాయి. వాటి తోబుట్టువులు ఆఫ్రికాలో నమీబియాలో దొరుకుతాయి, ఎందుకంటే ఆ లావా పొంగిన కాలానికి రెండు ఖండాలూ కలిసే ఉన్నాయి. ఇగువాసూ నది దూకేది ఆ లావా పొరల మెట్ల మీంచే, 2.7 కిలోమీటర్ల వెడల్పున, గరిష్ఠంగా 82 మీటర్ల ఎత్తున.

ఈశాన్య బ్రెజిల్‌లోని కాటింగా ముళ్లపొదల నేల తికమక పెడుతుంది. అట్లాంటిక్ దగ్గర్లోనే ఉన్నా కరువు. ఉత్తర భాగానికి వాననిచ్చే భూమధ్యరేఖా మేఘాల పట్టీ అంత దక్షిణానికి దిగేది ఫిబ్రవరి నుంచి మే వరకే. ఏ ఏడాదైనా అది కాస్త ఉత్తరాన ఆగిపోతే ఆ ఏడు అంతే.

మిగతా మైదానాల గురించి క్లుప్తంగా. లానోస్ ఒరినోకో గడ్డిమైదానం, సగం ఏడాది నీళ్లలో, సగం ఏడాది బీటల్లో ఉంటుంది. ఎగువ ఒరినోకో నీటిలో కొంత భాగాన్ని కాసికియారే అనే సహజ కాలువ రియో నేగ్రోకు పంపుతుంది, అందుకని ఒరినోకో, అమెజాన్ల మధ్య తెగని జలవిభాజకం (రెండు నదుల నీళ్లను విడదీసే మెరక గీత) గీస్తే తప్పు. చాకోలో ఆండీస్ ఒండ్రు మోసుకొచ్చే పిల్కోమాయో తన దారిని తానే పూడ్చుకుని బురదనేలల్లో చెదిరిపోతుంది. దానికి ఈశాన్యాన పంతనాల్ అనే విశాలమైన చిత్తడి నేల. వాలు అతి తక్కువ కావడంతో ఉత్తరాన వరద తీసేశాక మూడు నాలుగు నెలలకు గాని దక్షిణాన పోటెత్తదు. పంపాలు గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టితో పరుచుకున్న నేల. తూర్పున ఏటా వెయ్యి మిల్లీమీటర్ల వాన, పడమటికి వెళ్తే అందులో సగం. వీటిని ఎండు స్టెప్పీలని మొత్తంగా రాయడం తప్పు. తూర్పు పంపాల సమస్య నీళ్లు లేకపోవడం కాదు, వాలు లేక నిలిచిపోవడం.

పటగోనియాలో గాలి తిరగబడుతుంది. పశ్చిమ పవనాలు చిలీ తీరంలో కొన్నిచోట్ల ఏటా 4,000 మిల్లీమీటర్లకు మించి కురిపించి, ఆండీస్ దాటేసరికి 200కు పడిపోతాయి. పడమట ఫియర్డులు (హిమానీనదాలు కోసిన లోయల్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన సన్నని పాయలు), సుమారు 12,000 చదరపు కిలోమీటర్ల దక్షిణ మంచుక్షేత్రం. తూర్పున గులకరాళ్ల మెట్టలు, ఖండంలోనే అతి లోతట్టు చోటైన లగూనా దెల్ కార్బోన్, సముద్రమట్టానికి 105 మీటర్ల దిగువన. మంచుయుగపు హిమానీనదాలు ఇక్కడ కొండల్ని అడ్డంగా కోసేయడంతో జలవిభాజకం ఎత్తయిన శిఖరాల మీదుగా కాక కొన్నిచోట్ల తూర్పు మైదానం మీదికి జరిగింది. 1881 ఒప్పందం ఆ రెండూ ఒకటే అన్నట్టు సరిహద్దు చెప్పింది, దానిమీద చిలీ, అర్జెంటీనా తగవుపడి, చివరికి 1902లో బ్రిటన్ రాజు మధ్యవర్తిగా తీర్పిచ్చారు.

పటం పూర్తయ్యాక మూడు అడ్డుకోతలు (ఖండాన్ని పడమర నుంచి తూర్పుకు నిలువునా కోస్తే పక్కనుంచి కనిపించే ఎత్తుపల్లాల గీతలు) గీసి సరిచూసుకోండి. అడ్డంగా సెంటీమీటరుకు 200 కిలోమీటర్లు, నిలువుగా సెంటీమీటరుకు 2,000 మీటర్లు. ఎత్తులు వందరెట్లు పెరిగి కనిపిస్తాయి, అలా పెంచకపోతే ఆండీస్ కూడా గీతలో కలిసిపోతుంది. భూమధ్యరేఖ దగ్గరి కోత 17 సెంటీమీటర్లు వస్తుంది: మొదటి సెంటీమీటరున్నరలోనే రెండు కొండ వరసలూ అయిపోవాలి, మిగిలినదంతా దాదాపు చదును. 20 డిగ్రీల దక్షిణాన 16 సెంటీమీటర్లు: తీరపు కొండ, ఎడారి లోయ, పడమటి వరస, 3,656 మీటర్ల దగ్గర బల్లపరుపుగా ఉయూనీ, తూర్పు వరస, 100–150 మీటర్లకు పల్లం, మళ్లీ బ్రెజిల్ ఉన్నత భూమి, చివర నిటారుగా అట్లాంటిక్. కందకాన్ని కూడా చూపాలంటే సముద్రమట్టానికి కింద 4 సెంటీమీటర్ల చోటు వదలండి. 45 డిగ్రీల దక్షిణాన మూడున్నర సెంటీమీటర్లే: దీవులు, ఫియర్డు, కొండ, ఆపైన మెట్లు మెట్లుగా దిగే పటగోనియా. ప్రతి కోతమీదా గాలి బాణం గుర్తు పెట్టండి. మొదటి రెంటిలో తూర్పు నుంచి, మూడోదాంట్లో పడమర నుంచి. రెండో కోతలో మాత్రం ఆ బాణం ఆల్టిప్లానో దగ్గర ఆగిపోవాలి. కింద తీరం మీద గాలి దక్షిణం నుంచి తీరం వెంబడి వీస్తుంది, దానికి వేరే గుర్తు వేయండి.